పాత ఇల్లు నిలవాలంటే గోరిమేడు బాగుండాలి

పుదుచ్చేరి పేరు వినగానే తెలుగువారికి రెండు ఊళ్లు గుర్తొస్తాయి. ఒకటి ఫొటోల్లో కనిపించే ఊరు. పసుపు గోడలు, తెల్లటి అంచులు, కాగితం పూల తీగలు, సముద్రపు ఒడ్డున గోబర్ట్ అవెన్యూ. రెండోది రోగులు, వాళ్లతో వచ్చినవాళ్లు, వైద్య విద్యార్థులు ఎరిగిన ఊరు. అదే గోరిమేడు. జిప్మర్ ఆసుపత్రి, ధన్వంతరి నగర్, లాడ్జీలు, మెస్సులు, మందుల షాపులు, వాటి వెనక ఏటేటా లేస్తున్న అపార్ట్‌మెంట్లు. ఈ రెండింటి మధ్య దూరం నాలుగైదు కిలోమీటర్లే. కానీ ఒకదాని గురించి మాట్లాడేవాళ్లు రెండోదాని ఊసెత్తరు. వారసత్వ సంపద మీద సదస్సులన్నీ సముద్రం వైపు జరుగుతాయి. ఇళ్ల స్థలాలు, తాగునీరు, డ్రైనేజీ మీద ధర్నాలన్నీ ఇటువైపు జరుగుతాయి.

నిజానికి ఇవి రెండూ ఒకే సమస్యకు రెండు కొసలు. పాత పట్నంలో ఒక మండువా ఇల్లు నిలుస్తుందా కూలుతుందా అన్నది చాలావరకు ఊరి చివర కొత్త ఇల్లు ఎంతలో దొరుకుతుంది, అక్కడ నీళ్లు వస్తాయా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఈ లంకెను పట్టించుకోకుండా "అభివృద్ధా, వారసత్వమా" అని వాదించుకున్నంత కాలం రెండూ దక్కవు.

కాలువకు పడమట

పుదుచ్చేరి పాత పట్నం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చుట్టూ బులెవార్డులు, లోపల గళ్ల నోటుపుస్తకంలా నిలువు, అడ్డం వీధులు. ఈ వీధుల గీతకు మూలం 1693 నుంచి 1699 వరకు ఊరిని పట్టుకున్న డచ్చివారని చెబుతారు. 1761లో ఇంగ్లిషువాళ్లు ఫ్రెంచి పట్నాన్ని నేలమట్టం చేశారు. ఆ తర్వాత పాత వీధుల మీదే ఊరు మళ్లీ లేచింది. కాబట్టి ఇవాళ మనం చూసే భవనాల్లో అత్యధికం ఆ విధ్వంసం తర్వాత కట్టినవే.

మధ్యలో పారే కాలువ ఊరిని రెండుగా చీల్చింది. తూర్పున ఫ్రెంచివారి పేట, పడమట తమిళుల పేట. పర్యాటకులు కెమెరాలు పట్టుకుని తిరిగేది తూర్పున. అక్కడి భవనాల్లో చాలావాటికి యజమానులు ప్రభుత్వం, ఆశ్రమం, ఫ్రెంచి సంస్థల వంటి పెద్ద చేతులు. వాటికి మరమ్మతు చేయించే స్తోమత ఉంది, అమ్ముకోవాల్సిన అవసరం లేదు. అసలు ముప్పు పడమట ఉంది. అక్కడివి కుటుంబాల సొంత ఇళ్లు.

ఆ ఇళ్లు మన తెలుగువారికి కొత్తేమీ కావు. వీధి వైపు చెక్క స్తంభాల మీద పెంకుల చూరు. దాన్ని అక్కడ తాళ్వారం అంటారు. దాని వెనక బాటసారి కూడా కూర్చోదగిన తిణ్ణై, అంటే మన అరుగు. లోపల ఆకాశం కనిపించే ముట్రం, మన కోనసీమ ఇళ్లలోని మండువా. వీటిలో కొన్నింటికి మరో విశేషం ఉంది. కింది అంతస్తు పూర్తిగా తమిళ పద్ధతిలో, పై అంతస్తు కమాను కిటికీలతో ఫ్రెంచి పద్ధతిలో ఉంటుంది. ఇలాంటి కలగలుపు మన దేశంలో ఇంకెక్కడా ఇంత చిక్కగా కనిపించదు.

తెలుగు సాహిత్యానికీ ఈ పేటతో చుట్టరికం ఉంది. డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసి, తన దినచర్యతో చరిత్రకెక్కిన ఆనందరంగ పిళ్లై ఇల్లు ఇక్కడే ఉంది. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథానికి ఆనందరంగరాట్ఛందము అని పేరు పెట్టింది ఆయన మీదే. 18వ శతాబ్దపు ఆ ఇల్లు విధ్వంసాన్ని తట్టుకుని నిలిచిన బహు కొద్ది కట్టడాల్లో ఒకటి.

మిగిలిన ఇళ్ల సంగతి వేరు. 1990ల మధ్యలో ఇంటాక్ సంస్థ వీధివీధీ తిరిగి జాబితా రాసినప్పుడు దాదాపు 1,800 భవనాలు వారసత్వ విలువ గలవిగా లెక్కకొచ్చాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో వాటిలో కొన్ని వందలు మాయమయ్యాయి. యుద్ధాల వల్ల కాదు, భూకంపం వల్ల కాదు. ఒక్కొక్క కుటుంబం, ఒక్కొక్క అమ్మకం, ఒక్కొక్క అనుమతి పత్రం మీదుగా పోయాయి.

యజమాని లెక్క

ఇల్లు కూల్చిన యజమానిని తిట్టడం తేలిక. కానీ ఆయన లెక్క వినకుండా ఏ చట్టం రాసినా అది పనిచేయదు.

మొదటి అంశం వారసులు. తాత కట్టించిన ఇంటికి ఇవాళ ఎనిమిదిమందో పదిమందో హక్కుదారులు. ఒకరు పుదుచ్చేరిలో, ఇద్దరు చెన్నైలో, మిగతావాళ్లు పారిస్ శివార్లలో. 1962 ఆగస్టు 16న విలీనం చట్టబద్ధంగా పూర్తయినప్పుడు కొన్ని వేలమంది ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకున్నారు. వాళ్ల పిల్లలు, మనవలు అక్కడే స్థిరపడ్డారు. కొన్ని కుటుంబాలకు ఆస్తి పంపకంలో ఇప్పటికీ ఫ్రెంచి సివిల్ కోడ్ వర్తిస్తుంది. ఇంతమంది మధ్య మండువాను ముక్కలు చేయలేరు. డబ్బును మాత్రం చక్కగా పంచుకోవచ్చు. అందుకే ఇల్లు అమ్మకానికి వస్తుంది.

రెండోది మరమ్మతు ఖర్చు. ఈ ఇళ్ల గోడలు సున్నపు గచ్చువి, పైకప్పు చెక్క దూలాల మీద పేర్చిన ఇటుకది. దానికి సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండిపోయి గోడ పుచ్చిపోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, దొరికినవాళ్ల కూలి ఎక్కువ. ఒక్క వానాకాలం కప్పు కారనిస్తే దూలం చివర్లు కుళ్లడం మొదలవుతుంది. అక్కడి నుంచి పతనం వేగంగా సాగుతుంది.

మూడోది స్థలం విలువ. చెన్నై నుంచి దాదాపు 150 కిలోమీటర్లు, బెంగళూరు నుంచి 300 కిలోమీటర్ల పైన. రెండు మహానగరాల వారాంతపు డబ్బు ఈ చిన్న పట్నంలోకి వచ్చి పడుతోంది. అదే స్థలంలో అయిదంతస్తుల లాడ్జి కడితే వచ్చే ఆదాయం ముందు పాత ఇంటి అద్దె ఏ మూలకూ రాదు.

కాబట్టి "మీ ఇల్లు ఊరికి అందం, కూల్చకండి" అని చెప్పే ప్రభుత్వం ఆ అందం ఖరీదును ఒక్క కుటుంబం నెత్తిన పెడుతున్నట్టే. పర్యాటకం వల్ల హోటళ్లవాళ్లు, టాక్సీలవాళ్లు, పన్ను రూపంలో ప్రభుత్వం లాభపడతారు. భారం మాత్రం కారుతున్న కప్పు కింద ఉన్నవాళ్లది. ఈ అన్యాయాన్ని సరిచేయని ఏ నిషేధమూ నిలబడదు. యజమాని కూల్చనక్కర్లేదు కూడా. కప్పు మీద పెంకు సర్దడం మానేస్తే చాలు, మిగతా పని వాన చూసుకుంటుంది.

సహాయం చేస్తే ఏమవుతుందో చూశాం

ఇది ఊహ కాదనడానికి ఊళ్లోనే రుజువు ఉంది. ఐరోపా సంఘం నిధులతో 2000ల మొదట్లో ఆసియా అర్బ్ కార్యక్రమం పుదుచ్చేరికి వచ్చింది. ఇటలీలోని ఉర్బినో, ఫ్రాన్స్‌లోని విల్‌నవ్ సూర్ లో పట్నాలు భాగస్వాములు. అప్పుడు కాల్వె సుబ్బరాయ చెట్టి వీధిని, జనం నోట్లో వైశ్యాళ్ వీధిని, నమూనాగా తీసుకున్నారు. ఇంటి ముఖభాగం బాగుచేయించుకుంటే ఖర్చులో కొంత ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది యజమాని పెట్టుకోవాలి. సాంకేతిక సలహా ఇంటాక్‌ది. ఒక్కో ఇంటి తాళ్వారం తిరిగి వీధిలోకి వచ్చింది. ఆ కృషికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు దక్కింది.

అందులోని పాఠం చాలా సాదా. అక్కడ ఎవరినీ జైల్లో పెడతామని బెదిరించలేదు. ఖర్చు పంచుకున్నారు, పని తెలిసినవాళ్లను పంపారు. లోటు ఏమిటంటే అది ఒక వీధి దగ్గర ఆగిపోయింది. విదేశీ నిధి అయిపోయాక ఆ పద్ధతిని పట్టణ బడ్జెట్‌లో ఏటేటా ఉండే పద్దుగా మార్చి పేట అంతటికీ విస్తరించి ఉంటే ఇవాళ పరిస్థితి వేరుగా ఉండేది.

దీనికి ఎదురుగా మేరీ భవనం ఉదాహరణ ఉంది. 1870ల నాటి ఆ పురపాలక భవనం మరమ్మతు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి, 2014 నవంబరు చివర్లో భారీ వర్షాల మధ్య కుప్పకూలింది. తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఉన్న ప్రాజెక్టు కింద దాదాపు 15 కోట్ల రూపాయలతో అచ్చం అలాంటిదే మళ్లీ కట్టారు. 2021 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ప్రారంభించారు. చూడటానికి బాగుంది. కానీ అది నకలు. సకాలంలో కప్పు బాగుచేసి ఉంటే అసలుదే నిలిచేది. ప్రభుత్వ భవనానికైతే 15 కోట్లు దొరికాయి. పడమటి పేటలో కూలిన ఇంటికి నకలు కట్టించేవారు ఎవరూ లేరు.

గోరిమేడు నేర్పిన పాఠం

ఇక్కడే గోరిమేడు కథలోకి వస్తుంది. జిప్మర్ మూలాలు 1823లో ఫ్రెంచి ప్రభుత్వం పెట్టిన వైద్య పాఠశాలలో ఉన్నాయి. అది పాత పట్నం నడిబొడ్డున, గవర్నరు బంగళా ముందున్న పార్కు పక్కన నడిచేది. వైద్య కళాశాల పెరుగుతున్నప్పుడు రెండు దారులు ఉన్నాయి. పాత భవనం కూల్చి అక్కడే పెద్దది కట్టడం, లేదా ఊరి బయటికి వెళ్లడం. రెండో దారి ఎంచుకున్నారు. 1960లలో కళాశాల, ఆసుపత్రి గోరిమేడు గట్టుకు తరలాయి. 1964లో జవాహర్‌లాల్ నెహ్రూ పేరు పెట్టుకున్నాయి. పాత భవనం ఖాళీగా పాడుబడలేదు, పుదుచ్చేరి శాసనసభకు నెలవైంది.

రెండు పక్కలా లాభం. రోజూ వేలమంది రోగులు వచ్చే ఆసుపత్రి పాత పట్నపు ఇరుకు వీధుల్లో ఉండి ఉంటే ఆ వీధులు ఎప్పుడో రోడ్ల వెడల్పు కింద పోయేవి. పాత భవనానికి కొత్త పని దొరికింది కాబట్టి అది బతికింది. కట్టడాన్ని కాపాడేది దానికి పెట్టిన బోర్డు కన్నా దాని లోపల రోజూ జరిగే పని. కొత్త శాసనసభ భవనాన్ని తట్టాంచావడిలో కట్టాలన్న ప్రతిపాదన కొన్నేళ్లుగా ఉంది. అది నిజమైతే పాత భవనంలోకి తర్వాత ఎవరు వస్తారన్న ప్రశ్నకు జవాబు శంకుస్థాపనకు ముందే ఉండాలి.

ఇదే పాఠాన్ని హైదరాబాద్ చాలా ఆలస్యంగా, గొడవపడి నేర్చుకుంది. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనాన్ని కూల్చి టవర్లు కడతామని 2015లో ప్రభుత్వం ప్రకటించింది. 2020లో వరద నీరు చేరాక ఆ భవనాన్ని మూసేశారు. వాదోపవాదాలతో పదేళ్లు గడిచాయి. చివరికి 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఈ మధ్యలో వారసత్వ భవనాలకు రక్షణ ఇచ్చిన 13వ నిబంధనను 2015లో తీసేశారు, 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. చట్టం మారుతున్న ఆ సందులో ఏ దేవిడీ యజమానికీ తన ఇంటిపై తన హక్కేమిటో స్పష్టంగా తెలియని పరిస్థితి.

హక్కు బదిలీ, సరిహద్దు చిక్కు

యజమానికి పరిహారం ఎలా ఇవ్వాలి? ప్రభుత్వం దగ్గర డబ్బు లేనప్పుడు పట్టణ ప్రణాళికాకారులు చెప్పే మందు నిర్మాణ హక్కు బదిలీ, వాడుకలో టీడీఆర్. ఉదాహరణకు 3,000 చదరపు అడుగుల స్థలంలో నిబంధనల ప్రకారం 6,000 చదరపు అడుగులు కట్టుకోవచ్చు అనుకుందాం. పాత ఇల్లు 2,500 మాత్రమే ఉంది. మిగిలిన 3,500 అడుగుల హక్కును యజమాని సర్టిఫికెట్టుగా తీసుకుని ఊరి చివర అపార్ట్‌మెంటు కట్టే బిల్డరుకు అమ్ముకుంటాడు. బిల్డరుకు అదనపు అంతస్తు, యజమానికి మరమ్మతు డబ్బు, ఊరికి పాత ఇల్లు.

కాగితం మీద ఇది ముచ్చటగా ఉంటుంది. పనిచేయాలంటే ఒక షరతు ఉంది. ఆ సర్టిఫికెట్టును కొనేవాడు ఉండాలి. ఊరి చివర నిబంధనలే ఉదారంగా ఉంటే బిల్డరు దాన్ని డబ్బు పెట్టి ఎందుకు కొంటాడు? 2006 నుంచి హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ పరిమితే లేకపోవడంతో ఈ చిక్కు అక్కడ బాగా తెలుసు.

పుదుచ్చేరికి ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. అది గోరిమేడులో నిలబడితే కంటికి కనిపిస్తుంది. తిండివనం రోడ్డు మీద గోరిమేడు దాటగానే తమిళనాడు మొదలవుతుంది. ఆవల పట్టానూరు, విల్లుపురం జిల్లా. ఇళ్లు మాత్రం ఎక్కడా ఆగవు. ఈ పక్క అపార్ట్‌మెంటుకు పుదుచ్చేరి నిబంధనలు, వంద గజాల అవతల మరో రాష్ట్రం నిబంధనలు. పాత పట్నం యజమాని సర్టిఫికెట్టు చెక్‌పోస్టు దాటితే చెల్లదు. ఇక్కడ అదనపు అంతస్తుకు ధర పెడితే బిల్డరు అక్కడికి పోతాడు. పుదుచ్చేరి జిల్లా విస్తీర్ణం 293 చదరపు కిలోమీటర్లే, అదీ తమిళనాడు మధ్య ముక్కలు ముక్కలుగా ఉంది. 2011లోనే ఆ జిల్లా జనాభా 9.5 లక్షలు. రెండు ప్రభుత్వాలూ కలిసి ఈ అంచు ప్రాంతానికి ఒకే ప్రణాళిక వేసుకోనిదే ఏ పథకానికీ పట్టు దొరకదు.

అంతకన్నా పెద్ద పరిమితి నీరు. పుదుచ్చేరి పట్నం తాగేది భూగర్భ జలమే. తీరం వెంబడి బోర్లలోకి ఉప్పునీరు చొరబడుతోంది. పాత పట్నాన్ని కాపాడటం కోసం ఊరి చివర అంతస్తులు పెంచుదాం అన్నప్పుడు, ఆ అంతస్తుల్లోని కుళాయిల్లో ఏం వస్తుందని గోరిమేడువాసి అడిగితే అది న్యాయమైన ప్రశ్న. వాళ్ల వీధిని మురుగు పాలు చేసి వేరే వీధిని ముస్తాబు చేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు.

గోడలు మిగిలి, మనుషులు పోతే

ఇంకో ప్రమాదం గురించి వారసత్వ ప్రేమికులు తక్కువగా మాట్లాడతారు. ఇల్లు కూలకుండానే పేట చచ్చిపోవచ్చు. ఫ్రెంచి పేటలో ఇప్పటికే ఎన్నో ఇళ్లు హోటళ్లు, కఫేలు, దుకాణాలు అయ్యాయి. గోడలు నిగనిగలాడుతున్నాయి. కానీ సాయంత్రం అరుగు మీద కూర్చునే ముసలాయన లేడు. ఈ పద్ధతి పడమటి పేటకూ పాకితే తిణ్ణై మీద రిసెప్షన్ బల్ల మిగులుతుంది.

ఫ్రాన్స్ అనుభవమే దీనికి హెచ్చరిక. పుదుచ్చేరి విలీనం పూర్తవడానికి సరిగ్గా 12 రోజుల ముందు, 1962 ఆగస్టు 4న, ఫ్రాన్స్‌లో మాల్రో చట్టం వచ్చింది. పాత పేటలను గంపగుత్తగా రక్షిత ప్రాంతాలుగా ప్రకటించే చట్టం అది. పారిస్‌లోని మారె పేట దాని పుణ్యాన కూల్చివేత నుంచి బయటపడింది. అయితే అక్కడి చేతివృత్తులవాళ్లు, పేద కుటుంబాలు ఆ అద్దెలకు తాళలేక వెళ్లిపోయారు. ఇటలీలోని బొలోన్యా నగరం 1970లలో ఇంకో దారి పట్టింది. పేదల ఇళ్లకు కేటాయించిన ప్రజా గృహనిర్మాణ నిధులనే పాత ఇళ్ల మరమ్మతుకు వాడి, పాత కుటుంబాలు అక్కడే ఉండేలా చూసింది. వారసత్వాన్ని పర్యాటక శాఖ పద్దులోంచి తీసి గృహనిర్మాణ శాఖ పద్దులో పెట్టడమే అక్కడ జరిగిన అసలు మార్పు.

చేయదగినవి

కేంద్ర పురావస్తు శాఖ చట్టం అరికమేడు లాంటి స్థలాలకు పనికొస్తుంది. జనం కాపురముండే ఇళ్లకు అది చాలదు. ఆ పని ఊరి నిబంధనలే చేయాలి. పుదుచ్చేరిలో ఇందుకు కమిటీ ఉంది, జాబితాలు ఉన్నాయి, ప్రణాళికా సంస్థ ఉంది. కావలసింది వాటిని కలిపే ఒక బేరం.

మొదటిది, జాబితాలో ఉన్న ప్రతి ఇంటి యజమానికీ తన ఇంట్లో ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చకూడదో రాతపూర్వకంగా తెలియాలి. ముఖభాగం, మండువా ఉంచి వెనక భాగంలో కొత్త గదులు, బాత్రూములు కట్టుకోవడానికి అనుమతి గడువులోగా రావాలి. అనుమతి కోసం ఏళ్లు తిప్పితే యజమాని రాత్రికి రాత్రే గునపం పట్టుకుంటాడు.

రెండోది, వైశ్యాళ్ వీధి పద్ధతిని శాశ్వతం చేయాలి. వానాకాలానికి ముందు కప్పు మరమ్మతుకు చిన్న మొత్తాల్లో సాయం, ఆస్తి పన్నులో రాయితీ. ఇంట్లో కుటుంబమే కాపురముంటే ఆ రాయితీ ఎక్కువ, హోటలు నడిపితే తక్కువ. పర్యాటకుల మీద వచ్చే పన్నులో కొంత వాటా ఈ నిధికి జమ కావాలి. అందం అమ్ముకునేవాళ్లే ఆ అందానికి ఖర్చు పెట్టడం ధర్మం.

మూడోది, గోరిమేడు, లాస్‌పేట లాంటి చోట్ల కొత్త ఇళ్లకు చోటు ఇవ్వాలి, నీళ్లూ మురుగు కాలువలూ ముందు వేశాకే ఇవ్వాలి. విల్లుపురం జిల్లా అధికారులతో కలిసి సరిహద్దుకు రెండు వైపులా పోలికగల నిబంధనలు ఉండాలి. అప్పుడే నిర్మాణ హక్కు సర్టిఫికెట్టుకు విలువ వస్తుంది.

ఇందులో ఏదీ ఉచితం కాదు. పాత పేటకు ఇచ్చే ప్రతి రూపాయీ ఇంకో పద్దులోంచి రావాలి, గోరిమేడులో పెంచే ప్రతి అంతస్తూ ఎవరి గాలినో వెలుతురునో కాస్త తగ్గిస్తుంది. ఆ ఖర్చు ఎవరు ఎంత భరించాలన్నది ఓటర్ల ముందు తేల్చుకోవాల్సిన మాట. ఇప్పుడు జరుగుతున్నది మాత్రం తేల్చుకోకుండా దాటవేయడం. దాటవేత కూడా ఒక నిర్ణయమే. అది ప్రతి వానాకాలం పడమటి పేటలో ఏదో ఒక కప్పు మీద అమలవుతూ ఉంటుంది. కాకినాడ పక్కన యానాంలో, రాజమండ్రిలో, విశాఖ పాత పట్నంలో, హైదరాబాద్ పాతబస్తీలో ఇలాంటి ఇళ్ల కింద కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు కూడా ఈ లెక్క ఏదో ఒక రోజు ఎదురయ్యేదే. కప్పు కారడం మొదలయ్యాక చేసే లెక్క కన్నా ముందే చేసేది చవక.